డిగ్రీ అయినంక 3 ఏండ్ల ఎల్‌ఎల్‌బీ: వరంగల్, హన్మకొండ, కరీంనగర్ వైపు వాళ్ల సందేహాలు ఇక్కడ

కాజీపేట జంక్షన్:
అందరికీ నమస్తే. బీఎస్సీ తర్వాత లా చేయాలనుకునేటోళ్ల కోసం ఒక్క దగ్గర సమాచారం దొరుకుతలేదు. ఒకరేమో లాసెట్ (లా ఎంట్రెన్స్) సులువంటరు, ఇంకొకరేమో కాలేజీకి పోకున్నా నడుస్తదంటరు. నాలుగు సంగతులు తెలిసినోళ్లు చెప్పండి. ఎంట్రెన్స్ ఎట్లుంటది? ప్రైవేటు కొలువు చేస్తూ చదవొచ్చా? తెలుగు మీడియం వాళ్లకు ఎంత కష్టం? పట్టా చేతికొచ్చినంక మొదటి రెండు మూడేండ్లు ఎట్లుంటయ్?

అదాలత్ సర్కిల్:
మొదటిది సులువు ప్రశ్న, దాంతో మొదలుపెడుతున్నా. లాసెట్‌ను ఉన్నత విద్యామండలి తరఫున ఉస్మానియా యూనివర్సిటీ నిర్వహిస్తుంది. కంప్యూటర్ మీద 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు, 120 మార్కులు. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, కరెంట్ అఫైర్స్ 30, లా ఆప్టిట్యూడ్ 60. తప్పు జవాబుకు మార్కు కోత లేదు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు. అర్హత మార్కు 35 శాతం, అంటే 42. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కు షరతు లేదు. డిగ్రీలో మాత్రం జనరల్ వాళ్లకు 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 ఉండాలి. ఏ సబ్జెక్టయినా ఫరవాలేదు.

అర్హత రావడం వేరు, కోరుకున్న కాలేజీలో సీటు రావడం వేరు. హన్మకొండ సుబేదారిలోని కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీలో సీటు కావాలంటే ర్యాంకు కావాలి. 42 మార్కులతో అక్కడికి చేరలేరు.

సగం పేపరు లా ఆప్టిట్యూడే అయినా జనం కరెంట్ అఫైర్స్ మీదే నెలలు గడుపుతారు. ఆ 60 మార్కులకు రాజ్యాంగం ప్రధానం: ప్రాథమిక హక్కులు 12 నుంచి 35 వరకు, ఆదేశిక సూత్రాలు, 32, 226 అధికరణాల కింద కోర్టులు ఇచ్చే ఐదు రిట్లు (ప్రత్యేక ఆదేశాలు), షెడ్యూళ్లు, సవరణలు. దాని తర్వాత కాంట్రాక్టు, టార్ట్ (పరిహారం అడగదగ్గ సివిల్ తప్పు), నేరం మధ్య తేడాలు, వాడుకలో ఉన్న లాటిన్ సూత్రాలు ఓ 40. ఇంటర్ సివిక్స్ స్థాయి పుస్తకం ఒకటి, రాజ్యాంగం మూలపాఠం ఒకటి చాలు. వేలకు వేలు పోసి కోచింగ్‌కు పోవాల్సినంత పరీక్ష కాదిది.

కాగితాల పురుగు:
ర్యాంకు వచ్చినంక జారిపడేది సర్టిఫికెట్ల దగ్గర. ఫైనలియర్ వాళ్లు కూడా పరీక్ష రాయొచ్చు, కానీ కౌన్సెలింగ్ నాటికి అన్ని సెమిస్టర్ల మెమోలు, ప్రొవిజనల్ చేతిలో ఉండాలె. ఒక్క బ్యాక్‌లాగ్ రిజల్ట్ రాకుంటే ఎంత మంచి ర్యాంకైనా ఆ ఏడాది పోయినట్టే.

టెన్త్ మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ మెమోలు, టీసీ, 9వ తరగతి నుంచి డిగ్రీ దాక స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం. ఇవన్నీ ముందే స్కాన్ చేసి పెట్టుకోండి. ఆదాయం సర్టిఫికెట్ పాతదైతే కొత్తది తీసుకోండి, మీసేవలో అప్లై చేసినంక తహసీల్ ఆఫీసులో ఎన్ని రోజులు పడుతదో మన చేతిలో ఉండదు. టెన్త్ మెమోల ఇంటిపేరు పూర్తిగా ఉండి, డిగ్రీ మెమోల పొడి అక్షరంగా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోవాలె. మూడేండ్ల తర్వాత బార్ కౌన్సిల్‌కు పోయినప్పుడు అదే పేరు గొంతుకు అడ్డం పడుతది.

ఇంకొక మాట. టీసీ ఒకసారి కాలేజీలో ఇచ్చినంక మధ్యల వేరే కోర్సుకు పోదామంటే అంత తేలిక కాదు. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడే ఇంటి నుంచి కాలేజీకి బస్సు ఉన్నదా లేదా చూసుకోండి.

మానేరు గట్టు:
కరీంనగర్ వైపు చాలామంది అడిగే ప్రశ్న. ఓపెన్ డిగ్రీతో లా చేయొచ్చా?

కాగితాల పురుగు:
చేయొచ్చు, చేయొద్దు కూడా. రెండు రకాలున్నయి.

టెన్త్, ఇంటర్ సక్రమంగ పాసై, తర్వాత దూరవిద్యలో డిగ్రీ చేసినోళ్లకు ఇబ్బంది లేదు. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ అయినా, కేయూ దూరవిద్య అయినా సరే. కానీ ఇంటర్ లేకుండ, అర్హత పరీక్ష ఒకటి రాసి నేరుగా డిగ్రీలో చేరినోళ్లు ఉంటరు చూడండి, వాళ్లకు బార్ కౌన్సిల్ 2008 లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్‌లో 5వ నిబంధన కింది వివరణ అడ్డం. కింది మెట్టు ఎక్కకుండ నేరుగా పై డిగ్రీ తెచ్చుకున్నోళ్లు లా కోర్సుకు అర్హులు కారు అని అందులో స్పష్టంగ ఉంది. ఎక్కడో ఒక కాలేజీ చూసీచూడక సీటిచ్చినా, ఎన్‌రోల్‌మెంట్ (బార్ కౌన్సిల్‌ల వకీలుగ పేరు నమోదు) కాడ ఫైలు ఆగుతది. మూడేండ్ల ఫీజు, మూడేండ్ల కాలం రెండూ మట్టిపాలు.

మానేరు గట్టు:
మంచిగ చెప్పిన్రు. మరి వయసు?

అదాలత్ సర్కిల్:
లాసెట్‌కు పై వయసు పరిమితి లేదు. 30 ఏళ్లు దాటితే చేరొద్దని బార్ కౌన్సిల్ తెచ్చిన షరతు మీద 2017లో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. రిటైరైన తహసీల్దార్లు కూడా చేరుతుంటారు, తప్పేం లేదు. రెవెన్యూ రికార్డు చదవడంలో కొత్త పట్టభద్రులకంటే వాళ్లే ముందుంటారు.

లెక్కల మాస్టారు:
ఇప్పుడు అసలు సంగతికొద్దాం. "కాలేజీకి పోకున్నా నడుస్తది" అన్నమాట ఎవరన్నారో గాని, దాన్ని లెక్కగట్టి చూద్దాం.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (బీసీఐ) నిబంధన ప్రకారం సెమిస్టర్ అంటే కనీసం 15 వారాలు. వారానికి 30 గంటలు, అందులో 24 గంటలు పాఠాలే. సెమిస్టర్‌కు 5 పేపర్లు అనుకుంటే ఒక్కో పేపరుకు వారానికి సుమారు 5 క్లాసులు, మొత్తం 75. హాజరు 70 శాతం, అదీ సబ్జెక్టు సబ్జెక్టుకు విడివిడిగా. 75లో 70 శాతం అంటే 52న్నర, అంటే 53 క్లాసులు. మీ చేతిలో ఉన్నవి 22 సెలవులు మాత్రమే. దసరా, దీపావళి ఇందులో లేవు, అవి ఎలాగూ క్లాసు జరగని రోజులు. పెళ్లిళ్లు, జ్వరాలు, సమ్మక్క జాతర అన్నీ ఈ 22లో సర్దుకోవాలి.

ఒక సబ్జెక్టులో కొంచెం తక్కువపడితే, తగిన కారణం ఉంటే, 65 శాతం వరకు మినహాయించే అధికారం కాలేజీ పెద్దకు ఉంది. అంటే 49 క్లాసులు. కానీ అన్ని సబ్జెక్టులు కలిపి మొత్తం మీద 70 ఉండాలి. జనం పొరపాటు పడేది ఇక్కడే. "మొత్తం మీద 70 ఉంది కదా" అనుకుంటారు, ఒక పేపరులో 58 ఉంటుంది, ఆ పేపరుకు నిబంధన తీరనట్టే. ముఖ్యంగా పొద్దున మొదటి పీరియడ్ ఏ పేపరుకు పడిందో చూసుకోండి. నర్సంపేట, పరకాల, జనగామ నుంచి బస్సులో వచ్చేవాళ్లకు హాజరు పోయేది ఎప్పుడూ ఆ ఒక్క పేపరులోనే.

రెండు పడవలు:
మాస్టారూ, మరి ప్రైవేటు కొలువు చేసేవాళ్ల గతి? ఈవెనింగ్ కాలేజీ ఉంటే చెప్పండి.

లెక్కల మాస్టారు:
నిబంధన ప్రకారం పొద్దున 8 నుంచి సాయంత్రం 7 లోపే తరగతులు జరగాలి. వారానికి 24 గంటల పాఠాలు సాయంత్రం 5 నుంచి 7 మధ్య ఎట్లా సర్దుతారో మీరే లెక్కేయండి. ఆరు రోజులు రెండేసి గంటలైతే 12. సగానికి సగం.

పైగా 2024 సెప్టెంబర్‌లో బీసీఐ ఒక సర్క్యులర్ ఇచ్చింది. బయోమెట్రిక్ హాజరు, క్లాసుల్లో సీసీ కెమెరాలు. దాంతోపాటు విద్యార్థి మీద క్రిమినల్ కేసులు ఉన్నాయా, ఒకే సమయంలో వేరే రెగ్యులర్ కోర్సు చేస్తున్నాడా, ఉద్యోగం చేస్తున్నాడా అన్న డిక్లరేషన్లు ఇస్తేనే చివరి మెమో, డిగ్రీ. ఉద్యోగం ఉంటే యజమాని నుంచి అభ్యంతరం లేదన్న పత్రం కూడా పెట్టాలి.

చేయకూడదని కాదు. రాత్రి షిఫ్టు, వారాంతపు పని, ఇంటి దగ్గర చేసుకునే డేటా పని లాంటివైతే కుదురుతాయి. తొమ్మిది నుంచి ఐదు ఆఫీసు మాత్రం కుదరదు. "హాజరు మేం చూసుకుంటాం" అని ఏ కాలేజీ ఏజెంటైనా ఫోన్ చేస్తే, వాళ్లు చూసుకునేది మీ డబ్బు సంగతే. రేపు బార్ కౌన్సిల్ మీ హాజరు పట్టిక అడిగితే ఆ ఏజెంటు ఫోనెత్తడు.

రెండు పడవలు:
సర్కారు టీచర్లు కూడా చేస్తున్నరు కదా?

లెక్కల మాస్టారు:
శాఖ అనుమతి, సెలవు రెండూ ఉంటేనే. స్కూలు రిజిస్టరులో సంతకం, అదే గంటలో లా కాలేజీ రిజిస్టరులో సంతకం ఉంటే అది చదువు కాదు, రెండు చోట్లా మోసం. ఎవరో ఒకరు సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెడితే రెండు రిజిస్టర్లూ ఒకే టేబుల్ మీదికొస్తాయి.

కాజీపేట జంక్షన్:
లా చదువుకుంట దూరవిద్యలో ఎంఏ చేయొచ్చా మరి?

కాగితాల పురుగు:
6వ నిబంధన రెండు రెగ్యులర్ కోర్సులు ఒకేసారి వద్దంటది. దూరవిద్య కేంద్రం నడిపే కోర్సుకు, భాషో కంప్యూటరో నేర్చుకునే పొట్టి సర్టిఫికెట్ కోర్సుకు మాత్రం మినహాయింపు ఉంది. దూరవిద్య ఎంఏ అయితే ఇబ్బంది లేదు, డిక్లరేషన్‌లో దాచకుంటే చాలు. అటు నుంచి ఇటు మాత్రం కాదు, దూరవిద్యలో ఎల్‌ఎల్‌బీ అనేది వకాలత్ చేయడానికి పనికిరాదు.

భద్రకాళి బండ్:
తెలుగు మీడియం ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబివ్వలేదు, నేను రాస్తున్నా.

ఎంట్రెన్స్ ప్రశ్నలు తెలుగులో కూడా ఉంటాయి. ఆ తర్వాత చట్టం, తీర్పు, పిటిషన్ అన్నీ ఇంగ్లీషే. అయితే జనం భయపడే ఇంగ్లీషు వేరు, లాలో వచ్చే ఇంగ్లీషు వేరు. కథ రాసేంత భాష అవసరం లేదు. ఓ 500 మాటలు కావాలి, అవి కూడా ఎక్కడ ఎట్లా వాడాలో ఖచ్చితంగా. ప్రతిఫలం, అంగీకారం, నష్టపరిహారం, స్వాధీనం, హక్కు, బాధ్యత, మధ్యంతర ఉత్తర్వు. ఈ మాటలకు తెలుగు, ఇంగ్లీషు రెండూ పక్కపక్కన నోట్‌బుక్కులో రాసుకుంటూ పోతే మొదటి సెమిస్టర్ అయ్యేసరికి సగం బెదురు పోతుంది. రెండు కాలమ్‌ల మధ్య సెక్షన్ నంబర్ రాయండి, లేకుంటే మాట గుర్తుంటుంది గాని చోటు గుర్తుండదు.

చట్టాల మూలపాఠాలు ప్రభుత్వ ఇండియా కోడ్ సైటులో ఉచితం. సుప్రీంకోర్టు తీర్పుల్లో కొన్ని తెలుగులోకి తర్జుమా అయి ఆన్‌లైన్‌లో ఉన్నాయి, పక్కనే ఇంగ్లీషు పెట్టుకుని చదవొచ్చు. గైడ్లు చదివి పాసవ్వొచ్చు, కానీ గైడ్‌లో సెక్షన్‌ను సొంత మాటల్లో తిప్పి రాస్తారు. "చేయవచ్చు" అన్నచోట "చేయాలి" అని పడితే అర్థం తలకిందులు. అదే తప్పు మీ జవాబులోకి, తర్వాత మీ పిటిషన్‌లోకి వస్తుంది.

కోర్టులో మాత్రం తెలుగే మీ బలం. సాక్షి బోనులో తెలుగులో చెప్తాడు, అది ఇంగ్లీషులో రికార్డవుతుంది. భూపాలపల్లి నుంచి వచ్చిన రైతు "గెట్టు జరిపిండు" అంటే అది హద్దు మార్చడమని, "పాలోళ్లు" అంటే దాయాదులని పట్టుకోకపోతే ఎంత ఇంగ్లీషు ఉన్నా క్రాస్ ఎగ్జామినేషన్ నడవదు.

పరీక్ష జవాబు రాసే తీరు ఒకటి చెప్తా. సమస్య ఇచ్చినప్పుడు ముందు వివాదం ఏమిటో ఒక్క వాక్యంలో, తర్వాత దానికి వర్తించే సెక్షన్, తర్వాత ఒక తీర్పు, తర్వాత ఆ సెక్షన్ ఈ వాస్తవాలకు ఎట్లా అతుకుతుందో, చివర నిర్ణయం. మైనర్ చేసిన ఒప్పందం అడిగితే కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్, 1903 నాటి మొహరీ బీబీ కేసు. బహుమతి ప్రకటన సంగతి తెలియకుండా తప్పిపోయిన పిల్లవాణ్ని వెతికి తెచ్చినవాడి కేసైతే 1913 నాటి లాల్‌మన్ శుక్లా. తీర్పు పేరు రాసి, అందులో ఏం తేల్చారో రాయకుండా వదిలేసే జవాబులే ఎక్కువ. దానికి పేరు గుర్తున్నందుకు ఇచ్చే మార్కులే వస్తాయి.

పాత సెక్షన్:
ఇక్కడ ఒకటి కలుపుతా. క్రిమినల్ లా పాత పుస్తకాలు చౌకగ దొరుకుతున్నయని కొనకండి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ బదులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం బదులు భారతీయ సాక్ష్య అధినియం. ఐపీసీల 511 సెక్షన్లు ఉండె, కొత్తదాంట్ల 358. హత్య 302 పోయి 103 అయింది. 420 పోయి 318(4). కట్నం వేధింపుల 498ఏ పోయి 85. సీఆర్‌పీసీకొస్తే, ఎఫ్‌ఐఆర్ 154 పోయి 173, ముందస్తు బెయిల్ 438 పోయి 482.

చివరిదాంట్ల తమాషా చూడండి. పాత సీఆర్‌పీసీల 482 అంటే హైకోర్టు స్వతస్సిద్ధ అధికారం, అంటే కేసు కొట్టేయమని వేసే పిటిషన్. అది ఇప్పుడు 528. పాత చట్టం అలవాటైనోళ్లు 482 అంటే క్వాష్ అనుకుంటరు, కొత్తది చదివినోళ్లు ముందస్తు బెయిల్ అనుకుంటరు.

పాతది పూర్తిగ వదిలేయొద్దు కూడా. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరానికి ఐపీసీయే వర్తిస్తది. ఆ కేసులు కోర్టుల ఇంకా ఏండ్ల తరబడి నడుస్తయి. అందుకే కొత్తది మూలపాఠం, పాతది పోలిక పట్టిక, రెండూ చేతిలో ఉండాలె.

కాజీపేట జంక్షన్:
బీఎస్సీ వాళ్లకు లాలో ఏమన్న అదనపు లాభముందా, లేక మొదటి డిగ్రీ వృథాయేనా?

అదాలత్ సర్కిల్:
నా మటుకు, మొదటి డిగ్రీ పెద్దగా లెక్కలోకి రాదు. జిల్లా కోర్టులో పార్టిషన్ సూట్, ఇంజంక్షన్, చెక్ బౌన్స్, మోటారు ప్రమాదాలు, భరణం కేసులే ఎక్కువ. వాటికి బీఎస్సీ అయినా బీఏ అయినా ఒకటే.

భద్రకాళి బండ్:
ఒప్పుకోను. జిల్లా కోర్టు వరకే చూస్తే మీరన్నది నిజమే. కానీ బీకాం వాళ్లు ఉన్నారు కదా, జీఎస్టీ చట్టం 116వ సెక్షన్ కింద అధికారుల ముందు వాదించగలిగేవాళ్లలో వకీలు కూడా ఒకరు. అకౌంట్లు చదవడం వచ్చిన వకీలు వరంగల్ లాంటి వ్యాపార ఊళ్లో ఊరికే ఉండడు. అగ్రికల్చర్ బీఎస్సీ వాళ్లకు భూముల కేసులు ఉన్నాయి. ధరణి చట్టంలో లేని అప్పీలు దారి 2025 భూ భారతి చట్టంతో మళ్లీ వచ్చింది. పహాణీ, సేత్వార్, టిపన్ లాంటి భూమి రికార్డులు చదవడం వచ్చినవాళ్లకు ఇప్పుడు పని ఉంది. సైన్సు వాళ్లకు ఫోరెన్సిక్ రిపోర్టు మీద క్రాస్ చేయడం తేలిక. డీఎన్ఏ, విస్రా రిపోర్టు చూసి బెదిరి నిపుణుణ్ని ప్రశ్నలే అడగకుండా వదిలేసే డిఫెన్సులు ఎన్నో.

అదాలత్ సర్కిల్:
సరే, భూమి, ఫోరెన్సిక్ వరకు ఒప్పుకుంటున్నా. పేటెంట్ గురించి మాత్రం ఒక భ్రమ ఉంది, తీసేస్తా. పేటెంట్ ఏజెంట్ కావడానికి ఎల్‌ఎల్‌బీ అక్కర్లేదు. సైన్సో ఇంజినీరింగో డిగ్రీ ఉండి, 21 ఏళ్లు నిండి, పేటెంట్ ఆఫీసు పెట్టే పరీక్ష పాసైతే చాలు. ఆ ఒక్క పనికే అయితే మూడేళ్లు లా చదవడం దండగ.

భద్రకాళి బండ్:
అది నిజం. కోర్టులో పేటెంట్ వివాదం వాదించాలంటేనే వకాలత్ కావాలి, అది వేరే సంగతి.

మానేరు గట్టు:
మూట్ కోర్టు (సాధన కోసం పెట్టే ఉత్తుత్తి కోర్టు), ఇంటర్న్‌షిప్ రికార్డుల గురించి చెప్పండి సార్. చివరి సంవత్సరం అందరు దీని మీదనే ఉరుకులు పరుగులు.

అదాలత్ సర్కిల్:
నాలుగు క్లినికల్ పేపర్లు తప్పనిసరి: డ్రాఫ్టింగ్, వృత్తి నీతి, ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం, మూట్ కోర్టు. మూట్ పేపరులో 100 మార్కులు ఇట్లా విడిపోతాయి. మూడు మూట్‌లకు 10 చొప్పున 30. రెండు విచారణలు, ఒక సివిల్, ఒక క్రిమినల్, కోర్టులో కూర్చుని చూసి రాసే రికార్డుకు 30. క్లయింటుతో మాట్లాడి కేసు తయారుచేసే పద్ధతి, ఇంటర్న్‌షిప్ డైరీ కలిపి 30. వైవా 10. మూడేళ్ల కోర్సులో ఇంటర్న్‌షిప్ కనీసం 12 వారాలు, ఒక ఏడాదిలో ఏకబిగిన 4 వారాలకు మించొద్దు. అందుకని ఏటా 4 వారాల చొప్పున మూడేళ్లూ చేయడం మేలు. చివరి ఏడాదికి అంతా మూటగట్టి పెట్టుకుంటే లెక్క కుదరదు.

విచారణ రికార్డులో జరిగే తప్పు ఏమిటంటే, కేసు ఎంపిక. జనం పాత ఓఎస్ (సివిల్ దావా) ఒకటి పట్టుకుంటారు. పోయిన ప్రతిసారీ వాయిదా. రికార్డులో రాయడానికేం ఉండదు, చివరికి సీనియర్ల రికార్డు చూసి కాపీ కొడతారు, వైవాలో దొరికిపోతారు. ఇట్లా చేయండి. ఈకోర్ట్స్ యాప్‌లో ఆ రోజు కాజ్ లిస్ట్ (విచారణకు వచ్చే కేసుల జాబితా) తీయండి. ఏ కేసు ఏ దశలో ఉందో పక్కన ఉంటుంది. ఫస్ట్ విట్నెస్ సాక్ష్యం దశలో ఉన్నది వెతకండి. క్రిమినల్‌కు చెక్ బౌన్స్ కేసు మంచిది, సాక్షులు తక్కువ, కాగితాలు కళ్లముందు ఉంటాయి. ఆ కేసు 16 అక్షరాల సీఎన్ఆర్ నంబర్ రాసుకుంటే తర్వాతి వాయిదా తేదీ ఇంట్లోంచే తెలుస్తుంది. హన్మకొండ అదాలత్‌లో 2021 డిసెంబర్‌లో ప్రారంభమైన పది కోర్టుల భవనం ఉంది, ఒకే రోజు నాలుగు కోర్టు హాళ్లు తిరగొచ్చు.

పాత సెక్షన్:
చెక్ కేసు చూసేటప్పుడు తేదీల లెక్క వేసి చూడండి, సగం చట్టం అక్కడే వస్తది. చెక్కు మీద తేదీ నుంచి 3 నెలల్లోపు బ్యాంకుల వేయాలె. తిరిగొచ్చినట్టు బ్యాంకు నుంచి తెలిసినంక 30 రోజుల్లో నోటీసు. నోటీసు అందినంక 15 రోజులు గడువు. ఆ తర్వాత ఒక నెలలోపు ఫిర్యాదు.

జూన్ 10న చెక్కు తిరిగొచ్చినట్టు బ్యాంకు మెమో వచ్చిందనుకోండి, జూలై 10లోపు నోటీసు పంపాలె. అది జూలై 15న అందితే 30వ తేదీ దాక ఆగాలె, 31 నుంచి కేసు వేసే హక్కు పుడుతది, ఆగస్టు 31లోపు వేయాలె. జూలై 28ననే తొందరపడి వేస్తే ఆ ఫిర్యాదు చెల్లదు, గడువు నిండకముందు వేసింది నిలవదని సుప్రీంకోర్టు 2014లోనే తేల్చింది. సెప్టెంబర్ 2న వేస్తే ఆలస్యానికి కారణం చెప్పుకుంట మాఫీ పిటిషన్ పెట్టాలె. పైసలు పోయేది చట్టం తెల్వక కాదు, కేలండర్ చూడక.

కాజీపేట జంక్షన్:
ఇగ చివరి ప్రశ్న. పట్టా తర్వాత?

కాగితాల పురుగు:
ఎన్‌రోల్‌మెంట్ సంగతి నేను చెప్తా. హైదరాబాద్ హైకోర్టు ఆవరణల రాష్ట్ర బార్ కౌన్సిల్. ఇదివరకు ఫీజులు వేలకు వేలు ఉండేది. 2024 జూలై 30న సుప్రీంకోర్టు తీర్పుతో అడ్వకేట్స్ చట్టం 24వ సెక్షన్‌లో ఉన్నంతే తీసుకోవాలె: జనరల్‌కు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు. డిగ్రీ నిజమైనదో కాదో యూనివర్సిటీకి రాసి తేల్చుకుంటరు, దానికి కాలం పడుతది.

తర్వాత ఆలిండియా బార్ పరీక్ష. 100 ప్రశ్నలు, మైనస్ మార్కులు లేవు, పాస్ మార్కు జనరల్‌కు 45, ఎస్సీ, ఎస్టీలకు 40. నోట్స్ రాయని మూల చట్టాల పుస్తకాలు లోపలికి తీసుకపోవచ్చు. పెన్నుతో గీతలు, పక్కన రాతలు ఉంటే బయటనే పెట్టిస్తరు. పరీక్షకు రెండు వారాల ముందు గీతలు లేని కొత్త కాపీలు కొనిపెట్టుకోండి. ఎన్నిసార్లయినా రాయొచ్చు. పుస్తకం చేతిలో ఉన్నా ఫెయిలయ్యేది ఎందుకంటే, ఏ చట్టంలో ఏ అధ్యాయం ఎక్కడుందో తెల్వక పేజీలు తిప్పుకుంట కూర్చుంటరు.

లెక్కల మాస్టారు:
రెండు సంగతులు నేను కలుపుతాను. ఒకటి, జీతం తీసుకునే పూర్తికాలపు ఉద్యోగంలో ఉండి వకాలత్ చేయకూడదు. బార్ కౌన్సిల్ 49వ నిబంధన. ఎన్‌రోల్ అయ్యాక ఉద్యోగంలో చేరితే సనద్ (వకీలు లైసెన్సు) సస్పెండ్ చేయించుకోవాలి. రెండు, జడ్జి పరీక్ష మీద కన్నేసి లా చేసేవాళ్లు 2025 మే 20 నాటి సుప్రీంకోర్టు తీర్పు చదవండి. అది జూనియర్ సివిల్ జడ్జికి మూడేళ్ల ప్రాక్టీస్ తప్పనిసరి చేసింది. లెక్క ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచి మొదలవుతుంది, బార్ పరీక్ష పాసైన తేదీ నుంచి కాదు. పదేళ్ల అనుభవం ఉన్న వకీలు ఇచ్చిన సర్టిఫికెట్ మీద జిల్లా ప్రధాన న్యాయాధికారి ఆమోదం కావాలి. 22 ఏళ్లకు డిగ్రీ, 25కు లా, 28కి పరీక్ష. ఇప్పుడు 27 ఉన్నవాళ్లు ఆ నోటిఫికేషన్ వయసు పరిమితి తీసి చూసుకోండి.

అదాలత్ సర్కిల్:
ఆ మూడేళ్లూ జూనియర్‌గా ఏం ముడుతుందో కూడా చెప్పాలి కదా. 2024 అక్టోబర్‌లో బీసీఐ పట్టణాల్లో నెలకు 20,000, పల్లెల్లో 15,000 స్టైపెండ్ ఇవ్వమని సీనియర్లకు సూచించింది. అది సూచనే, తప్పనిసరి కాదు. జిల్లా బార్‌లో బస్సు ఖర్చులు, భోజనం, ఎప్పుడో ఒక అడ్జర్న్‌మెంట్ మెమోకు చిల్లర, అంతే అనుకుని దిగండి. ఇల్లు గడవడానికి ఇంకో దారి లేకపోతే రెండేళ్లకే వదిలేస్తారు. ఎస్సీ, బీసీ లా పట్టభద్రులకు ప్రభుత్వ ప్లీడర్ల దగ్గర మూడేళ్ల శిక్షణతో స్టైపెండ్ ఇచ్చే పథకం ఉంది. ఆయా సంక్షేమ శాఖల జిల్లా ఆఫీసు నోటీసు బోర్డు చూస్తుండండి, ఆ ప్రకటనలు పేపర్లో ఓ మూలన చిన్న అక్షరాల్లో వస్తాయి.

సీనియర్‌ను ఎంచుకునేటప్పుడు పేరు పెద్దదా అని చూడొద్దు. ఫైళ్లు మీ చేతికిస్తారా లేదా చూడండి. ప్లెయింట్ (దావా పత్రం) మీరు రాసి, ఆఫీస్ అబ్జెక్షన్లు మీరే సరిచేసి, నంబర్ చేయించి, ఐఏ (కేసు మధ్యలో వేసే దరఖాస్తు) వేయించే ఛాంబర్‌లో ఆరు నెలలు, పేరున్న ఛాంబర్‌లో బ్యాగు మోసే మూడేళ్లకంటే మేలు.

రెండు పడవలు:
కోర్టుకు పోను జీతమే మేలు అనుకునేటోళ్లకు?

భద్రకాళి బండ్:
బ్యాంకు లా ఆఫీసర్ ఉంది, దానికి కూడా బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్‌మెంట్ అడుగుతారు, అందుకని పట్టా రాగానే ఎన్‌రోల్ అవ్వండి. అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టులు పోలీసు నియామక మండలి ద్వారా వస్తాయి, వాటికి మూడేళ్ల ప్రాక్టీస్ కావాలి. పాఠాలు చెప్పాలనుకుంటే లాసెట్‌తో పాటే పెట్టే పీజీఎల్‌సెట్ రాసి ఎల్‌ఎల్‌ఎం (లాలో పీజీ), తర్వాత నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష).

మానేరు గట్టు:
చిన్న డౌట్. ఇంటర్న్‌షిప్‌కు పోయేటప్పుడు మెడకు తెల్ల బ్యాండ్ కట్టుకోవాల్నా?

కాగితాల పురుగు:
వద్దు తమ్ముడు. బ్యాండ్, గౌను రెండూ ఎన్‌రోల్ అయినంకనే. విద్యార్థికి తెల్ల చొక్కా, తెల్ల లేదా నల్ల ప్యాంటు, నల్ల టై, నల్ల కోటు. బ్యాండ్ కట్టుకొని కోర్టు హాల్ల కూర్చుంటే బెంచ్ క్లర్కు ఎన్‌రోల్‌మెంట్ నంబర్ అడుగుతడు.